తెల్ల దుమ్ము: పల్నాటి సున్నం, సిమెంటు, గాలి

పల్నాడు రాతి మీద నిలబడ్డ సీమ. కృష్ణకు దక్షిణాన మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతంలో నేల కింద పరుచుకున్న సున్నపురాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు వర్గంలో చేర్చి నర్జీ సున్నపురాయి అంటారు. పదుల కోట్ల ఏళ్ల కిందట లోతులేని సముద్రంలో పొర మీద పొరగా దిగిన మడ్డే ఈ రాయి. పలకలుగా ఊడివస్తే నాపరాయి అవుతుంది, బట్టీకి పోయేది తెల్లరాయి. పల్నాడు అనే పేరే ఈ తెలుపు వల్ల వచ్చిందని, అసలు పాలనాడని చెప్పేవారు ఉన్నారు. పల్లెల నాడనేవారూ, పల్లవుల నాడనేవారూ ఉన్నారు. పల్నాటి రాళ్లనూ జొన్నకూటినీ ఆడిపోసుకున్న చాటువులు శ్రీనాథుడి పేరిట ఊరూరా వినిపిస్తాయి. వరి తిని పెరిగిన కవికి నచ్చని ఆ రాయే తర్వాతి కాలంలో ఈ సీమకు అన్నం పెట్టింది. పీల్చే గాలిని పాడుచేసిందీ అదే.

ఈ రాతికి మొదట దక్కిన పెద్ద పని శిల్పం. అమరావతి మహాస్తూపానికి, నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఆరామాలకు వాడిన లేతాకుపచ్చ ఛాయ ఉన్న తెల్లరాయి పల్నాటిదే. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను చాలాకాలం పల్నాడు మార్బుల్ అన్నారు గానీ, అది చలువరాయి కాదు, సున్నపురాయి. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి చూసేనాటికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నాడు. స్తూపపు దిబ్బలోంచి రాళ్లు తీసి కట్టడాలకు వాడారు. చాలా రాళ్లను సున్నానికి కాల్చేశారు కూడా. 1845లో వాల్టర్ ఎలియట్, 1877లో రాబర్ట్ సీవెల్ తవ్వించే నాటికి మిగిలినవి అలా మిగిలిపోయినవే. రాతి మీద పద్మం ఉన్నా, బోధివృక్షం ఉన్నా బట్టీకి తేడా ఏమీ ఉండదు. దానికి కావలసింది కాల్షియం కార్బొనేటు ఒక్కటే.

బట్టీలో జరిగే పని చెప్పడానికి తేలిక. సున్నపురాయికి దాదాపు 900 డిగ్రీల వేడి తగిలితే అందులోని బొగ్గుపులుసు వాయువు విడిపోతుంది, పొడి సున్నం మిగులుతుంది. కల్తీలేని రాయి 100 కిలోలు కాలిస్తే చేతికొచ్చేది 56 కిలోలు, తక్కిన 44 కిలోలు గాలిలో కలుస్తుంది. మంట కోసం వేసిన బొగ్గు నుంచో కట్టె నుంచో వచ్చే పొగ దీనికి అదనం. అంటే సున్నం కాల్చే ప్రతి ఊరూ తన రాతిలో సగానికి కాస్త తక్కువ బరువును ఆకాశానికి పంపుతుంది. ఆ వాయువు కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు కాబట్టి దాని లెక్క చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

పాతకాలంలో సున్నపు బట్టీకి స్థిరమైన ఊరంటూ ఉండేది కాదు. గుడి కడుతున్నా, కోట కడుతున్నా, దిగుడుబావి తవ్వుతున్నా ఆ పక్కనే బట్టీ పేర్చేవారు. కాల్చిన సున్నాన్ని నీళ్లలో చంపి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో రోజుల తరబడి నలిపితే డంగు సున్నం తయారయ్యేది. గచ్చుకు వాడేదైతే అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం పడేవి. కట్టడం పూర్తయ్యాక బట్టీ చల్లారేది, పొగ పోయేది. గానుగ తిరిగిన గుండ్రటి గాడి మాత్రం నేలలో కొన్నేళ్లపాటు కనిపించేది. ఆ పనిచేసిన వాళ్ల చేతులు కాలాయి, కళ్లు మండాయి. కానీ ఊరి గాలికి అది ఏదో కొద్దికాలపు బాధే. ఎముకలు కాల్చినా సున్నం వస్తుంది గనకే ‘సున్నంలోకి ఎముక మిగలదు’ అన్న బెదిరింపు తెలుగులో నిలిచింది. సున్నం జనం నోట అంతగా కలిసిపోయిన వస్తువు. తాంబూలంలోకి అది, గోడకు అది, సంక్రాంతి ముందు వాకిట్లో ముగ్గుకూ అదే.

సున్నమంటే శుభ్రం అన్న నమ్మకానికి ప్రభుత్వం కూడా ముద్ర వేసింది. తడి సున్నంలోని ఘాటైన క్షారం క్రిములను చంపుతుంది. అందుకే అంటురోగాల రోజుల్లో గోడలకు వెల్ల వేయించడం, మురుగు పక్కన సున్నం చల్లించడం ప్రజారోగ్య శాఖ నిత్యకృత్యం. కలరా సోకిన ఊళ్లో బావుల్లో కలిపే బ్లీచింగ్ పౌడరు కూడా సున్నానికి క్లోరిన్ పట్టించి చేసేదే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 11వ సెక్షన్ పరిశుభ్రత గురించి చెప్పేది. గోడలకు సున్నం వేసే ఫ్యాక్టరీలో కనీసం 14 నెలలకొకసారి మళ్లీ వేయాలన్నది అందులో ఒక నియమం. ఆ సున్నాన్ని తయారుచేసే చోట గోడలు ఏడాది పొడవునా తెల్లగానే ఉంటాయి, ఎవరూ వేయకుండానే. ఆ నియమం రాసినవారికి ఈ సంగతి తట్టి ఉండదు. మసి పట్టిన గోడను చూస్తే పొగ గుర్తొస్తుంది, తెల్లబారిన గోడను చూస్తే పండగ గుర్తొస్తుంది. పల్నాటి గాలి కథ ఆలస్యంగా బయటికి రావడానికి ఉన్న కారణాల్లో ఈ రంగు కూడా ఒకటి.

బట్టీ ఒకచోట స్థిరపడటానికి రవాణా కారణమైంది. గుంటూరు నుంచి నరసరావుపేట, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా మాచర్ల దాకా మీటర్‌గేజి రైలు పడ్డాక రాయి ఉన్నచోటే కాల్చి సరుకును దూరానికి పంపే వీలు చిక్కింది. తర్వాత అది బ్రాడ్‌గేజి అయింది. నడికుడి నుంచి హైదరాబాదు వైపు మరో లైను వచ్చింది. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు లారీలకు దారి తెరిచింది. క్వారీ, రైలు, రోడ్డు మూడూ ఒకచోట కలిసిన పిడుగురాళ్ల సున్నానికి పేరుమోసిన ఊరైంది. లైమ్ సిటీ అని బోర్డులకెక్కింది. ఇళ్లకు సున్నం వేయడం తగ్గి రంగులు వచ్చాక కూడా బట్టీలు ఆరలేదు. చక్కెర మిల్లులో చెరకు రసం తేర్చడానికి, ఉక్కు కొలిమిలో మలినం తీయడానికి, కాగితం మిల్లుకు, తోళ్ల శుద్ధికి, తాగునీటి కేంద్రాలకు, కోస్తాలో రొయ్యల చెరువులకు సున్నం కావలసిందే.

ఇక్కడి బట్టీ నిలువుగా కట్టిన గొట్టంలాంటిది, లోపల మంటకు తట్టుకునే ఇటుక ఉంటుంది. పైనుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పోస్తారు. మంట నడిమిలో ఉంటుంది. పైన పోసిన రాయి మెల్లగా దిగుతూ వేడెక్కి, మధ్యలో కాలి, అడుగుకు వచ్చేసరికి చల్లబడుతుంది. కింది మూతి దగ్గర గడ్డలు లాగేకొద్దీ పైన మళ్లీ నింపాలి. ఒకసారి అంటించిన బట్టీని రాత్రనక పగలనక నడపాల్సిందే, ఆర్పితే మళ్లీ రాజేయడానికి ఖర్చు. కింద నిలబడి లాగేవాడికి వేడి సున్నపు ధూళి మొహాన కొడుతుంది. పైన నింపేవాడికి పొగ ఎదురవుతుంది. రక్షణ ఏమిటంటే ముక్కుకు అడ్డంగా కట్టుకున్న తువ్వాలు. చెమట పట్టిన మెడ మీద పొడి సున్నం పడితే అది ఆ తడినే పీల్చుకుని వేడెక్కుతుంది. చర్మం మొదట మండుతుంది, తర్వాత పగుళ్లిస్తుంది. కంట్లో పడితే ఆలస్యం చేయకుండా చాలాసేపు నీళ్లతో కడగడమే మార్గం. క్షారం కంటిపొరలోకి దిగుతూ పోతుంది కాబట్టి ఆసుపత్రికి వెళ్లాక కడుగుదామనుకుంటే చూపు దక్కకపోవచ్చు. చలికాలంలో బట్టీ పైగట్టు వెచ్చగా ఉంటుందని పక్క వేయడం మరో ప్రమాదం. సరిగా మండని బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, నిద్రలో ఉన్న మనిషిని అది లేపదు.

బట్టీ కన్నా ఎక్కువ దుమ్ము మిల్లుది. కాల్చని తెల్లరాయినే పల్వరైజరులో పిండిచేస్తే ముగ్గుపిండి అవుతుంది. పొడి సున్నం మీద నీళ్లు చల్లి విరగ్గొట్టి జల్లిస్తే సంచుల్లో నింపే సున్నం అవుతుంది. రెండింటిలోనూ ఆఖరి పని సంచి మూతి దగ్గర. నింపేటప్పుడు సంచిలోని గాలి బయటికి రావాలి, ఆ గాలితో పాటే పిండీ వస్తుంది. సంచి కుట్టేవారి కనుబొమలు, తల వెంట్రుకలు, రేకుల కప్పు, పక్కనున్న వేపచెట్టు ఒకే రంగులో ఉంటాయి. ఆకు మీద పేరుకున్న పూత ఎండను అడ్డుకుంటుంది. వాన పడితే కొంత కడుక్కుపోయి కొంత గట్టిగా అంటుకుపోతుంది. రెంటచింతల ఎండలు పత్రికల్లో ప్రతి వేసవీ పతాక శీర్షికలే. ఆ ఎండల్లో నేల బిగుసుకుని, వడగాలి లేచే రోజుల్లో కిందపడ్డ పిండి మళ్లీ మళ్లీ పైకి లేస్తుంది. లారీ వెళ్లిన ప్రతిసారీ అదే దుమ్ము ఇంకోసారి.

ఈ దుమ్ము తెచ్చే రోగాలు కొత్తవి కావు. వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో అచ్చువేసిన గ్రంథంలో సున్నం, జిప్సం పనివాళ్లకు ఒక అధ్యాయమే కేటాయించాడు. అప్పటికి లేనిది, తర్వాత వచ్చింది కొలత. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల కన్నా పెద్ద రేణువును ముక్కు, గొంతు చాలావరకు ఆపుతాయి. సున్నపు పిండిలో ఎక్కువ భాగం ఈ ముతక రకమే, తుమ్ములు, గొంతుమంట, ఎడతెగని దగ్గు దాని పని. 2.5 మైక్రాన్ల కన్నా సన్ననివి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా దిగుతాయి. ఇవి ఎక్కువగా మంట నుంచి పుడతాయి: బట్టీ బొగ్గు, లారీ డీజిలు, పొయ్యి పొగ. గాలిగదుల్లో అవి రేపిన వాపు ఊపిరితిత్తులతో ఆగదు, నెత్తురులో కలిసి గుండెపోటుకూ పక్షవాతానికీ దారితీస్తుంది. దగ్గే కాలుష్యానికి గుర్తు అనుకునేవారికి ఈ చావులు లెక్కలోకి రావు.

రాతి దుమ్ములన్నీ ఒక్కటి కావన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. స్వచ్ఛమైన సున్నపురాతి పిండి ఊపిరితిత్తులను సిలికా అంత తీవ్రంగా పాడుచేయదు. కానీ క్వారీలో వచ్చేది స్వచ్ఛమైన రాయి ఒక్కటే కాదు. పైమట్టిలో, మధ్యలో అడ్డం తగిలే చెకుముకి పొరల్లో సిలికా ఉంటుంది. డ్రిల్లు వేసేటప్పుడు, రాయి పేల్చేటప్పుడు, కంకర కొట్టేటప్పుడు అది గాలికెక్కుతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. ఆయాసం, దగ్గు, బరువు తగ్గడం చూసి క్షయ అనుకోవడం మామూలు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ తేలిగ్గా సోకుతుంది కూడా. ఫ్యాక్టరీల చట్టంలో వైద్యుడు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల పట్టికలో సిలికోసిస్ ఉండేది. అయితే క్వారీకూ మిల్లుకూ మధ్య మారుతూ, వలస వెళ్లి తిరిగొచ్చే కూలీ జబ్బు ఏ పని వల్ల వచ్చిందో తేల్చడం కష్టం. పదేళ్ల కిందటి మేస్త్రీ పేరు గుర్తుంటే గొప్ప.

సున్నం తర్వాతి అధ్యాయం సిమెంటు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. మాచర్లకు దగ్గర్లోనే ప్రపంచంలోని అతిపెద్ద రాతికట్టు ఆనకట్టల్లో ఒకటి లేవడం మొదలైంది. వెలగపూడి రామకృష్ణ 1941లో స్థాపించిన కేసీపీ సంస్థ 1958లో మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టింది. 1936లో పుట్టిన ఆంధ్రా సిమెంట్ కంపెనీ తర్వాతి కాలంలో దాచేపల్లి మండలంలో శ్రీదుర్గాపురం దగ్గర దుర్గా సిమెంట్ వర్క్స్ నడిపింది. సిమెంటు బట్టీ అడ్డంగా పడుకోబెట్టి తిప్పే పొడవాటి ఉక్కు గొట్టం. లోపలి సరుకు 1450 డిగ్రీల దగ్గర క్లింకర్‌గా మారుతుంది. సున్నపు బట్టీలో రాయి గడ్డగా పడుతుంది, ఇక్కడ ముందే మెత్తగా నూరిన పిండి పడుతుంది. కాబట్టి పొగతో పాటు బయటికి పోయే ధూళి ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని పట్టేది విద్యుత్తు పలకల యంత్రం, లేదా గుడ్డ సంచుల వడపోత. కరెంటు పోయినా, యంత్రం మొరాయించినా ఆ కాసేపటి ధూళి ఊరి మీదే దిగుతుంది. ఆరేసిన బట్టల మీద, మిద్దె మీది మిరపకాయల మీద బూడిదరంగు పొర పడితే ఇల్లాళ్లకు ఏ రిజిస్టరూ చూడక్కర్లేకుండానే సంగతి తెలిసిపోతుంది.

1982లో కేంద్రం సిమెంటు ధరల మీద అదుపును కొంత, 1989లో పూర్తిగా ఎత్తేసింది. రాయి ఉన్న ప్రతిచోటా ఫ్యాక్టరీలు, ముఖ్యంగా రోజుకు 200 టన్నులలోపు చేసే మినీ సిమెంటు ప్లాంట్లు లేచాయి. కృష్ణకు అటు ఒడ్డున మేళ్లచెరువు, మఠంపల్లి వైపు కూడా ఇదే వరస. నది రెండు రాష్ట్రాలకు హద్దయింది గానీ గాలికి కాలేదు. 1981లో గాలి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద పరిశ్రమకొక హద్దు పెట్టారు. సిమెంటులో పెద్ద ఫ్యాక్టరీ ఘనమీటరు పొగలో 250 మిల్లీగ్రాముల ధూళి వదలవచ్చని, 200 టన్నులలోపుదైతే 400 దాకా వదలవచ్చని అప్పట్లో అన్నారు. చిన్నవాడికి యంత్రాలు కొనే స్తోమత లేదన్న జాలి ఇది. ఆ పక్కన కాపురముండేవాడి ఊపిరితిత్తులు ఫ్యాక్టరీ సైజును బట్టి గట్టిపడవు. సున్నపు బట్టీల నియమంలోనూ ఇదే ధోరణి. రోజుకు 5 టన్నులలోపు బట్టీకి అంకె అంటూ లేదు, పైన మూకుడు పెట్టి నేల నుంచి 30 మీటర్ల ఎత్తున పొగగొట్టం లేపితే చాలు. పొగ తగ్గదు, కాస్త దూరంగా దిగుతుంది. 2014లో సిమెంటు హద్దును 30 మిల్లీగ్రాములకు దించారు. పాతిక, ముప్ఫై ఏళ్లలో వచ్చిన ఈ తేడా చూస్తే 250 అన్నది ఎంత ఉదారమైన అంకెనో తెలుస్తుంది.

జిల్లా తూర్పున నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి వైపు రాయి మాట తక్కువ, పత్తి మాట ఎక్కువ. జిన్నింగ్ మిల్లుల్లో గింజ తీసేటప్పుడు, నూలు మిల్లుల్లో దూది ఏకేటప్పుడు లేచే సన్నటి నూగు బిస్సినోసిస్ అనే జబ్బు తెస్తుంది. వారపు సెలవు తర్వాత పనిలో దిగిన రోజునే ఛాతీ బిగుసుకోవడం దీని గుర్తు. అందుకే ఇతర దేశాల్లో దీన్ని సోమవారపు జబ్బు అన్నారు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక వరి పెరిగి రైసుమిల్లుల ఊక బూడిద తోడైంది. మెట్ట చేలల్లో పత్తి కంప, మిరప కట్టె తగలబెట్టే పొగ ఏడాదికి కొన్ని వారాలు. అదే కంప వంటింట్లోనూ మండింది. గ్యాసు పొయ్యి ఇచ్చే దీపం పథకం ఉమ్మడి రాష్ట్రంలో 1999లో, ఉజ్వల 2016లో వచ్చేదాకా, వచ్చిన తర్వాత సిలిండరు ధర అందని ఇళ్లలో ఇప్పటికీ, ఆడవాళ్లకు అన్నిటికన్నా దగ్గరి పొగ పొయ్యిదే. 2019లో దేశంలో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మంది చనిపోయారని 2020 చివర్లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా. అందులో 6 లక్షలకు పైగా ఇంటి పొగ లెక్కే.

2009లో దేశం గాలికి కొత్త ప్రమాణాలు పెట్టుకుంది. ఘనమీటరు గాలిలో 2.5 మైక్రాన్ల రేణువులు ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు, 10 మైక్రాన్లవి 60 మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దులు 5, 15. తేడా తీసిపారేసేది కాదు. ఈలోగా సున్నపురాయికి గాలిని శుభ్రం చేసే ఉద్యోగం కూడా దొరికింది. థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగలోని గంధకాన్ని పట్టడానికి సున్నపురాతి పిండిని నీళ్లలో కలిపి పొగ మీద చల్లుతారు. గంధకం జిప్సంగా దిగిపోతుంది. క్వారీ, మిల్లు ఉన్న ఊరికి మాత్రం మిగిలేది మళ్లీ ఆ పిండే.

2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రకటించింది. వరసగా కొన్నేళ్లు ప్రమాణాలు దాటిన పట్టణాలను ఎంచుకుని నిధులు, గడువులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ నుంచి మొదట విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు. తర్వాత మరో 8 కలిసి మొత్తం 13. జాబితాకెక్కాలంటే ముందు ఊళ్లో యంత్రం ఉండాలి, ఏళ్ల తరబడి అంకె నమోదవ్వాలి. యంత్రాలు జనాభా, జిల్లా కేంద్రం చూసి పెడతారు. 2011 లెక్కల్లో పిడుగురాళ్ల జనాభా 63 వేల పైచిలుకు, మాచర్లది 57 వేల పైచిలుకు. ఇవి నగరాలు కావు. దాచేపల్లి, నడికుడి అంతకన్నా చిన్నవి. పల్నాడు అంతా గుంటూరు జిల్లాలో ఉన్నంతకాలం గుంటూరు పేరైనా జాబితాలో జిల్లా పేరుగా కనిపించేది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా విడిగా ఏర్పడింది. అమరావతి స్తూపం, మాచర్ల సిమెంటు, పిడుగురాళ్ల బట్టీలు అన్నీ ఈ కొత్త జిల్లాలోకే వచ్చాయి. ఆ 13 పట్టణాల్లో ఈ జిల్లా ఊరు ఒక్కటీ లేదు.